ఇన్ని జ్ఞానమ్మల్లో మా జ్ఞానమ్మ

పెన్ను లాక్కోవడం ఏమిటి, నేనేమైనా పరీక్ష రాయడానికి వచ్చానా, ఈ ఆర్కైవ్ అమ్మాయి నవ్వుతూనే నా బ్యాగూ కోటూ పెన్నూ అన్నీ లాకర్‌లో పెట్టించి చేతికో పెన్సిల్ ముక్క ఇచ్చింది, సరేలే, నూరేళ్ళ కిందటి కాగితాలు, సిరా మరక పడుతుందని వాళ్ళ భయం వాళ్ళది, మన కోస్తా ఊళ్ళ నుంచి మిషన్ దొరసానులు రాసి పంపిన రిపోర్టులన్నీ ఒహాయోలో ఈ చిన్న ఊళ్ళో బూడిదరంగు పెట్టెల్లో ఉన్నాయని మా పాస్టర్ గారు చెప్పకపోతే నాకేం తెలుసు, మోరిస్‌విల్‌లో మా ఇంటి నుంచి ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చిన మా ఆయన మాత్రం కార్‌లోనే కూర్చుని క్రికెట్ చూసుకుంటున్నారు, లోపలికి రండీ అంటే మీ తాతమ్మ కదా జోసఫిన్, నువ్వే వెతుక్కో అన్నారు, నిజమే, మా అమ్మమ్మని కన్న తల్లి జ్ఞానమ్మ, ఆవిడ పేరు వచ్చే నెల పుట్టబోయే మనవరాలికి పెట్టాలని నా పట్టు, నా కూతురు అబిగేల్‌కేమో అస్సలు ఇష్టం లేదు, మమ్మీ, దట్ నేమ్ ఈజ్ సో హెవీ అంటుంది, బేబీ అంత పేరు మొయ్యలేదుట, పేరేమైనా బియ్యం బస్తానా.

అయినా గంగాళం గొడవ లేకపోతే ఒప్పించేసేదాన్నే, అమ్మ చిన్నప్పటి నుంచి చెప్పిన కథ అది, కాలవ పొంగి పడవలు ఆగిపోతే మా జ్ఞానమ్మ ఇత్తడి గంగాళంలో కూర్చుని అవతలి పేటకి వెళ్ళి కలరా వచ్చినవాళ్ళకి గంజి తాగించిందని, ఆ కథే నేను చర్చిలో స్త్రీల కూటంలో సాక్ష్యంగా చెప్పి కళ్ళు తుడుచుకుని కూర్చున్నానో లేదో ఎలీషమ్మ గారు లేచి, మా నాయనమ్మ పేరూ జ్ఞానమ్మేనండీ, ఆవిడ కూడా గంగాళంలోనే వెళ్ళిందండీ, అదీ కలరా అప్పుడేనండీ అన్నారు, గంజితో సహా అదే కథ, అందరూ టీ కప్పుల్లోకి చూసుకున్నారు, అబిగేల్ ఒక్కతే పొట్ట పట్టుకుని నవ్వింది, మమ్మీ, సేమ్ బకెట్! కార్‌లో కూడా నవ్వుతూనే ఉంది, ఆ తర్వాత నవ్వు ఆపి, నీకు ఆవిడ గురించి నిజంగా ఏం తెలీదు కదా మమ్మీ, ఆవిడదే ఐన ఒక్క ట్రూ థింగ్ చెప్పు, పెడతాను, ప్రామిస్ అంది, ఆ మాట నాకు గుచ్చుకుంది, గుచ్చుకోబట్టే ఇక్కడ పెన్సిల్ ముక్క పట్టుకుని కూర్చున్నాను.

ఇక ఫోల్డర్ తెరిస్తే చాలు జ్ఞానమ్మ, ఇంటిపేరు ఉండదు, బాప్తిస్మం ఇచ్చిన దొరలకి జ్ఞానమ్మ, కరుణమ్మ, సువార్తమ్మ తప్ప ఇంకో పేరు తట్టలేదు కాబోలు, ఊరికో జ్ఞానమ్మ, లేసు అల్లిక నేర్పిన జ్ఞానమ్మ, మశూచితో పోయిన జ్ఞానమ్మ, దొరసాని దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని దొరసానికే తప్పులు దిద్దిన జ్ఞానమ్మ, ఇదిగో గంగాళం జ్ఞానమ్మ, ఫొటో కూడా ఉంది, తెల్లచీర, చేతిలో బైబిలు, పిల్లలు లేని విధవరాలు అని కింద స్పష్టంగా రాసి ఉంది, అంటే మాకూ కాదు, ఎలీషమ్మ గారికీ కాదు, మిషన్ పత్రికలో పడిన కథని పాస్టర్లు ఊరూరా ప్రసంగాల్లో చెప్తే, జ్ఞానమ్మ ఉన్న ప్రతి ఇల్లూ మాదే అనుకుని దాచుకుంది, అమ్మా, ఎంత నమ్మకంగా చెప్పావే, నాకు ఏడుపొస్తోంది, ఇక్కడ ఏడిస్తే ఈ అమ్మాయి కాగితాలు తడుస్తాయంటుంది.

ఇంకో రిపోర్టు, లంకపేట, ఆగు, మా అమ్మమ్మ పుట్టిన ఊరు లంకపేటే, బైబిలు బోధించే స్త్రీ జ్ఞానమ్మ, పడవ నడిపే దేవదానం భార్య, అయ్యో, దేవదానం తాత, పడవ దేవదానం, మా ముత్తాతే, చదువు జోసఫిన్, మెల్లగా చదువు, ఈ దొరసాని చేతిరాత చీమల బారు, పనిమంతురాలే, పాట బాగా పాడుతుంది కానీ మహా మొండిది అట, ఆమెకి జీతం పంపే అమెరికా దాత, పుట్టిన బిడ్డకి తన పేరు హ్యారియట్ అని పెట్టమని ప్రేమతో కోరారట, ఉయ్యాలకీ బట్టలకీ డబ్బు కూడా పంపారట, ఎంత చెప్పినా జ్ఞానమ్మ వినలేదట, కన్నది నేను, పేరు పెట్టేదీ నేనే అందట, చిట్టెమ్మ అని పిలుస్తోందట, చాలా విచారంతో ఆమెని పనిలోంచి తీసేశాం అని ముగించింది, చిట్టెమ్మ! మా అమ్మమ్మ! క్రైస్తవుల ఇంట్లో ఈ చిట్టెమ్మ పేరేమిటని చిన్నప్పుడు అమ్మమ్మని ఎన్నిసార్లు అడిగానో, మా అమ్మ పెట్టుకుంది, నీకేం అనేది తప్ప ఇంకేం చెప్పేది కాదు అమ్మమ్మ, గంగాళమూ లేదు, గంజీ లేదు, ఉద్యోగం పోయినా బిడ్డ పేరు వదలని మనిషి, ఎంత గర్వంగా ఉందో, ఫోన్ ఒక్కటి లాకర్‌లో పెట్టమనలేదు, అదే మేలు, అబీ, దొరికింది, ట్రూ థింగ్ దొరికింది, నువ్వు ప్రామిస్ చేశావ్, ఇక బేబీ పేరు.

బేబీ పేరు, అని టైప్ చేశాక వేలు ఆగిపోయింది, కన్నది నేను, పేరు పెట్టేదీ నేనే, ఈ మాట ఇంకెక్కడో విన్నాను, ఎక్కడో ఏమిటి, నా నోట్లోంచే, అబిగేల్ పుట్టినప్పుడు అత్తగారు గుంటూరు నుంచి ఫోన్ చేసి వాళ్ళమ్మ కరుణమ్మ పేరు పెట్టమంటే నేనన్న మాటే, మొన్న నా కిచెన్‌లో అబిగేల్ అన్నదీ అదే, ఇట్స్ మై బేబీ మమ్మీ, దానికి నేనేమన్నాను, క్రిబ్ కొన్నదెవరు, స్ట్రోలర్ కొన్నదెవరు, ఒక్క పేరు అడిగితే ఇంత పంతమా అన్నాను, అది గిన్నెలు తుడుస్తూ ఉండిపోయింది, హ్యారియటమ్మ కూడా ప్రేమతోనే అడిగింది పాపం, ఉయ్యాలకి డబ్బు పంపింది, ఒక్క పేరే కదా అనుకుని ఉంటుంది, టైప్ చేసినదంతా కొట్టేశాను, అబీ, ఒక్క ట్రూ థింగ్ దొరికింది, ఇంటికొచ్చి చెప్తా, పేరు మాత్రం నువ్వే పెట్టుకో, నీ ప్రామిస్ నీకు తిరిగిచ్చేస్తున్నా అని పంపాను, ఏంటి మమ్మీ, ఆర్ యూ ఓకే అని వెంటనే వచ్చింది, ఓకేనే, రిపోర్టు మెల్లగా ఫోల్డర్‌లో పెట్టాను, తన బిడ్డ పేరు ఎవరికీ ఇవ్వని జ్ఞానమ్మ పేరు చెప్పి, నా కూతురి దగ్గర దాని బిడ్డ పేరు నేను లాక్కోకూడదు.