మడమ కింద రెండంగుళాలు

పొద్దున్నే మంచం దిగి కుడికాలు నేలకి ఆనించగానే కత్తెర మాస్టారు పెట్టే కేకకి మొదట్లో పక్కవాటావాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చేవారు. తర్వాత్తర్వాత ఆ కేకని బట్టి గడియారాలు సరిచేసుకోవడం మొదలుపెట్టారు.

మడమలో ఎవరో మేకు దించినట్టు నొప్పి. పది అడుగులు వేస్తే తగ్గినట్టే తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ తయారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మాస్టారిది ఒకటే జవాబు: "ఏం లేదు, తిమ్మిరి." తిమ్మిరికి ఇంత కేకేమిటండీ అని భార్య అడిగితే, "నా ఇంట్లో నేను అరుచుకోడానికి నీ పర్మిషన్ కావాలా?" అని ఇంకో కేక పెట్టేవాడు.

ఆయన దాచడానికి కారణం లేకపోలేదు. టైలరింగ్ షాపులో మర్యాదంతా కాళ్ల మీదే ఉంటుంది. కుట్టేవాడు కూర్చుంటాడు, కత్తిరించేవాడు నిలబడతాడు. బల్ల ముందు నిలబడ్డంతసేపే మాస్టారు. స్టూలు లాక్కున్నాడా, ఇక వాడి పని అయిపోయిందని బజారంతా అనుకుంటుంది. మాస్టారికి పని నేర్పిన పెద్దాయన మోకాళ్లు అరిగి స్టూలెక్కితే, గిరాకీలు "పాపం, మంచి చెయ్యి ఉండేది" అంటూ బతికున్న మనిషికి సంతాపం చెప్పి మరీ వేరే షాపుకి వెళ్లిపోయారు. అది కళ్లారా చూసినవాడు కనక మాస్టారికి నొప్పికన్నా, నొప్పి ఉందని నలుగురికీ తెలియడమంటేనే భయం.

షాపులో ఉండేది ముగ్గురే. బల్ల దగ్గర మాస్టారు, ఇస్త్రీ దగ్గర ఆయన భార్య, మిషను దగ్గర ఆవిడ తమ్ముడు. ఈ బావమరిదికి మిషను తొక్కడం ఎంత వచ్చో నోరు తిప్పడం అంతకన్నా బాగా వచ్చు. బావ ఒకటంటే తను రెండంటాడు, ఆ రెండూ గుర్తుపెట్టుకుని అన్నం దగ్గర మూడోది అంటాడు. బావ కుంటడం చూసి, "బావా, ఆ సిమెంటు నేల మీద ఉత్తకాళ్లతో ఎందుకు నిలబడతావ్? చెప్పులేసుకోరాదూ?" అన్నాడు. "చెప్పులేసుకుని బల్ల ముట్టుకోమంటావా? నువ్వు ముందు కాజాలు తిన్నగా కుట్టు" అని మాస్టారు కసిరాడు.

అట్లాంటి రోజుల్లో కొత్తగా తెరవబోతున్న హోటలు నుంచి పెద్ద బేరం వచ్చింది. సర్వర్లందరికీ నల్ల ప్యాంట్లు కుట్టాలి. సర్వర్లు షాపుకొచ్చి గోడ పొడుగునా వరసగా నిలబడ్డారు, మాస్టారు టేపు మెళ్లో వేసుకుని బయల్దేరాడు.

ఇక్కడ మాస్టారి కొలత సంగతి చెప్పాలి. ప్యాంటు పొడవు చూడాలంటే మామూలు టైలర్లు గిరాకీ కాళ్ల దగ్గర గొంతుక్కూచుంటారు. ఈయన వంగితే ఒట్టు. టేపు కొసని నేలమీదకి జారవిడిచి, తన కుడి మడమతో తొక్కిపట్టి, పైన నడుం దగ్గర అంకె చదువుతాడు. మడమ కింద టేపు రెండంగుళాలు పోతుంది. ఆ రెండూ తీసేసి మిగిలింది పైకి చెబుతాడు, భార్య రాసుకుంటుంది. ఇన్నేళ్లలో ఒక్కడూ ప్యాంటు తిరిగి తేలేదు.

ఆ రోజు మాత్రం మడమ ఆనిస్తే ప్రాణం పైకిపోతోంది. అందుకని మాస్టారు మునివేళ్ల మీద నిలబడి, బొటనవేలితో టేపు చివర నొక్కిపట్టాడు. వేలి కింద పోయింది మహా అయితే అరంగుళం. నోరు మాత్రం అలవాటు ప్రకారం రెండంగుళాలు తీసేసి అంకెలు చెప్పుకుంటూ పోయింది. మనసు ఎక్కడుందంటే, మడమలో ఉంది. ఒక్కడికి కాదు, చివరి సర్వరు దాకా అంతే.

కొలతలయ్యాక ఇంటికొచ్చి మాస్టారు గడపలోనే కూలబడ్డాడు. భార్య ఇక వినలేదు. వేడి ఇటుక కాపడాలూ, ఆ నూనే ఈ నూనే అయిపోయాయి కనక ఆటో పిలిచి, చెయ్యి పట్టుకుని ఫిజియోథెరపీ క్లినిక్‌కి లాక్కెళ్లింది. అక్కడ డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో పెద్దది. మడమ లోపలివైపు బొటనవేలు పెట్టి నొక్కింది. మాస్టారు పెట్టిన కేకకి బయట కూర్చున్న పేషెంట్లలో ఇద్దరు నొప్పులు తగ్గిపోయి ఇంటికెళ్లిపోయారు.

"ఇది తిమ్మిరి కాదండీ. మడమ నుంచి వేళ్ల దాకా అరికాల్లో గట్టి పట్టీలా ఒకటి ఉంటుంది. అది వాచింది. మీరు రోజంతా ఎక్కడ నిలబడతారు?"

"బల్ల ముందు."

"నేల?"

"సిమెంటు."

"చెప్పులు?"

మాస్టారు సీలింగు ఫ్యాను వంక చూశాడు.

"మీకు మీ భాషలోనే చెప్తా. చంక దగ్గర ఇరుగ్గా కుట్టిన చొక్కా వేసుకుని చేతులెత్తితే ఏమవుతుంది?"

"కుట్టు దగ్గర పట్టేస్తుంది. పీకుతూనే ఉంటే చిరుగుతుంది."

"మీ పిక్కలు అట్లా బిగిసిపోయి ఉన్నాయి. అవి అరికాలిని పీకుతున్నాయి. పిక్క వదులైతే మడమ ఊపిరి పీల్చుకుంటుంది."

తరవాత గోడకి రెండు చేతులూ ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆనేలా, మోకాలు వంచకుండా ముందుకి వాలమంది. పొద్దున్న మంచం దిగేముందు కాలివేళ్లని చేత్తో తనవైపుకి లాక్కోమంది. చల్లటి నీళ్ల సీసాని అరికాలి కింద దొర్లించమంది. మెత్తటి మడమలున్న చెప్పులు లేకుండా ఇంట్లో కూడా నడవొద్దంది. మధ్యమధ్య కూర్చోమంది కూడా, ఆ ముక్క మాస్టారు చెవిన పడనట్టు నటించాడు. "ఒక్క రోజులో పోదు. వారాలు పట్టొచ్చు. మానేశారో, మళ్లీ మొదటికొస్తుంది" అని బెదిరించి పంపింది.

షాపు వెనక గదిలో తలుపు వేసుకుని మాస్టారు గోడని తొయ్యడం మొదలుపెట్టాడు. రహస్యం ఎంతసేపు? తలుపు సందులోంచి బావమరిది గొంతు వినిపించేది. "బావా, గోడ కదిలితే ఒక్క కేకెయ్యి, మిషను జరుపుకుంటా." మెత్తటి చెప్పులు కొనుక్కొస్తే వాటికి "అల్లుడుగార్లు" అని పేరు పెట్టాడు, అంత మర్యాదగా నేలమీద దించుతున్నాడని. మాస్టారు మూతి ముడుచుకున్నా తొయ్యడం ఆపలేదు. నెమ్మదిగా పొద్దుటి కేక మూలుగైంది, మూలుగు నిట్టూర్పైంది. పక్కవాటావాళ్లు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లడం మొదలుపెట్టారు.

ఈలోగా ప్యాంట్లు కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం, హోటలుకి పంపడం అయిపోయాయి. హోటలు తెరవడానికి రెండు రోజులుందనగా మేనేజరు ఓ సర్వరుని వెంటేసుకుని షాపులోకి విసురుగా వచ్చాడు. సర్వరు ప్యాంటు చీలమండ పైన ఆగిపోయింది. కింద మేజోళ్లు లోకాన్ని చూస్తున్నాయి.

"అందరివీ ఇట్లాగే ఉన్నాయి మాస్టారూ! భోజనం వడ్డిస్తారా, వాగు దాటుతారా వీళ్లు?"

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన కొలత తప్పడమన్నది ఆయన ఊహలోకి కూడా రాని సంగతి. ఇంకెవరిది తప్పు? ఆడలేక మద్దెల ఓడన్నట్టు తిన్నగా మిషను వైపు తిరిగాడు.

"అంచులు ఎంత మడిచావురా? అంగుళమంటే ఎంతో తెలుసా నీకు? ఇన్నాళ్లు పక్కన కూర్చోబెట్టి నేర్పితే ఇదా? నీ చెయ్యే వంకర! నా షాపు పరువు తీశావు కదరా!"

మాటకి మాట అప్పజెప్పే బావమరిది ఆ రోజు నోరెత్తలేదు. బావ మొహం చూశాడు, బావ కాళ్ల వైపు చూశాడు. మిషను మీద గుడ్డ కప్పి, తన కత్తెర జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. "అట్లాంటివాణ్ని మళ్లీ మా బట్ట ముట్టుకోనివ్వకండి" అని మేనేజరు చెప్పి, సరైన కొలతలు తీసుకోమని సర్వరుని అక్కడ వదిలేసి పోయాడు. సాయంత్రానికి ఆ మాట బజారంతా పాకుతుంది. చెయ్యి వంకరని సొంత బావే అన్నాక, ఇంకో షాపువాడు మిషను దగ్గర కూర్చోబెడతాడా?

మాస్టారి భార్య నోటితో ఏమీ అనలేదు. ఇస్త్రీపెట్టె మాత్రం బల్ల మీద గట్టిగా మాట్లాడింది.

సర్వరు ఇంకా నిలబడే ఉన్నాడు కనక మాస్టారు టేపు తీశాడు. కొస నేలకి వదిలాడు. మడమ నొప్పి చాలావరకు పోయింది కదా, మెత్తటి చెప్పు మడమతో హాయిగా తొక్కిపట్టి, పైన అంకె చదివి, రెండు తీసేసి, "నలభై" అన్నాడు.

"ఆ రోజు ముప్పై ఎనిమిదిన్నర అన్నారు" అంది భార్య, తల ఎత్తకుండా.

"చెవులు సరిగ్గా లేవా నీకు?" అని మాస్టారు మళ్లీ కొలిచాడు. మళ్లీ నలభయ్యే. అప్పుడు కిందికి చూశాడు. టేపు మీద నిండుగా ఆనిన మడమని చూశాడు. ఆ రోజు అది గాల్లో ఉంది. తేలు కుట్టిన దొంగలా టేపు చుట్టేసి సర్వరుని పంపించేశాడు.

"తప్పెవరిదో తెలిసిందా?" అంది ఆవిడ.

"ఊ."

"నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సినవాడు వేరే ఉన్నాడు."

బావమరిది ఉండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. తగ్గిన నొప్పిని మడమ మెట్టుమెట్టుకీ మళ్లీ గుర్తుచేసింది. తలుపు తీసిన బావమరిదిని చూడగానే, దారంతా కూడబలుక్కున్న మాటలు మాస్టారికి ఒక్కటీ గుర్తురాలేదు.

"ఒరేయ్, నీ చెయ్యి వంకర కాదురా. నా కాలు వంకర. మడమ ఆనించలేక వేలితో తొక్కాను. తప్పు నాది."

"తెలుసు బావా."

"తెలుసా?"

"మిషను దగ్గర కూర్చున్నవాడికి కనపడేవి కాళ్లే కదా. వేలితో తొక్కుతుంటే కొత్త లెక్కేదో వేస్తున్నావనుకున్నా. ప్యాంట్లు తిరిగొచ్చాక తెలిసింది, లెక్కా లేదు గిక్కా లేదని."

"మరి అంత మాటన్నా పడ్డావేంరా? అక్కడే నా మొహాన చెప్పొచ్చుగా!"

"చెబితే ఏమవుతుంది? మాస్టారు నిలబడలేకపోతున్నాడని మేనేజరుకి తెలుస్తుంది, బజారుకి తెలుస్తుంది. నువ్వు దేనికి భయపడి చస్తున్నావో నాకు తెలీదా? ఇంకో నిమిషం కూర్చుంటే నోరు జారేవాణ్ని. అందుకే లేచొచ్చేశా."

మాస్టారికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా, మొహం గోడవైపు తిప్పుకుని. వ్యాయామం చేస్తున్నాడనుకుని బావమరిది కాసేపు ఊరుకున్నాడు.

"నామీదే ఉండనీ బావా" అన్నాడు తరవాత. "కుట్టు పోయిందంటే నాలుగు రోజుల్లో మర్చిపోతారు. కొలత పోయిందంటే షాపు మూసుకోవాలి."

మాస్టారు చెప్పులేసుకుని మెట్లు దిగాడు. మర్నాడు పొద్దున్నే వాణ్ని వెంటబెట్టుకుని హోటలుకి వెళ్లాడు. హాల్లో సర్వర్లంతా పొట్టి ప్యాంట్లతో ప్లేట్లు సర్దుతున్నారు. వెనకాల బావమరిదిని చూసి మేనేజరు మొహం చిట్లించాడు.

"ఇతన్ని ముట్టుకోనివ్వద్దన్నానా?"

"వీడి తప్పేం లేదు" అన్నాడు మాస్టారు, వంటగదిలోకి కూడా వినిపించేలా. "నా కొలత తప్పు. మడమ నొప్పితో నిలబడలేకపోయాను. ఆ సంగతి చెప్పుకోడానికి సిగ్గుపడి నోరు మూసుకున్నాను. మూసుకోవాల్సిన చోట మాత్రం తెరిచి వీణ్ని నానా మాటలూ అన్నాను. నాకు పని ఇవ్వాలో మానాలో మీ ఇష్టం. వీడి చేతిని మాత్రం ఎవరూ ఏమీ అనడానికి వీల్లేదు."

మేనేజరు ఏదో అనబోతుండగా ఓ సర్వరు ప్లేటు కింద పెట్టాడు.

"పొద్దున లేవగానే మేకు దిగినట్టు ఉంటుందా మాస్టారూ?"

"ఆ."

"కాస్త నడిస్తే తగ్గి, రాత్రికి మళ్లీనా?" అన్నాడు ఇంకొకడు.

"మీకూ ఉందా?"

"నిలబడే ఉద్యోగం కదండీ. చెబితే పనిలోంచి తీసేస్తారని..." అని మేనేజరు వంక చూసి ఆగిపోయాడు. మేనేజరేమో అప్పటికే బూటులోంచి మెల్లిగా ఒక మడమ బయటికి తీస్తున్నాడు.

అంతే, మాస్టారు గోడ దగ్గరికి నడిచాడు. "చేతులు ఇట్లా పెట్టాలి. కాలు వెనక్కి. మడమ లేవకూడదు, లేచిందా, అంగుళమున్నర పోయినట్టే!" పొట్టి ప్యాంట్ల సర్వర్లు, మేనేజరుతో సహా, వరసగా గోడకి వాలి తొయ్యడం మొదలుపెట్టారు. గోడ అవతల వంటవాళ్లు ఏం జరుగుతోందో తెలియక గరిటెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

మాస్టారు మెళ్లోంచి టేపు తీశాడు. ఇన్నేళ్లలో ఎవరి చేతికీ ఇవ్వని టేపు. అందరూ చూస్తుండగా బావమరిది మెళ్లో వేశాడు.

"ఇక కొలతలు నువ్వు తియ్యి. అంచుల్లో మడత ఉంది, వదిలితే సరిపోతుంది. కుట్లు విప్పడం నేను చూసుకుంటా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

బావతో ఏమన్నా అంటే బావమరిదికి ఏడుపొచ్చేలా ఉంది. అందుకని వరసగా గోడ తోస్తున్న వీపుల మీదికి ఒక్క అరుపు అరిచాడు.

"గోడ ఎక్కడికీ పోదు గానీ, ముందు ఆ ప్యాంట్లు విప్పండయ్యా!"