మూటగాడి బాకీ

దేవుణ్ణి ఏదైనా కావాలని అడగొచ్చా, అడగకూడదా? ఈ సందేహం ఇస్త్రీ మాస్టర్ని పెళ్ళికి ముందు నుంచీ వదల్లేదు.

వాళ్ళ నాన్న బతికున్నప్పుడు అనేవాడు: "అన్నీ తెలిసినవాడికి మనం గుర్తు చెయ్యడమేంట్రా? దణ్ణం పెట్టు, పనికి పో." వాళ్ళమ్మ దారి వేరు. పాలు పొంగకుండా చూడమనడం దగ్గర్నుంచి బస్సులో కిటికీ పక్క సీటు ఇప్పించమనడం దాకా అన్నీ ఆయనకే అప్పజెప్పేది. పాలు పొంగితే, "ఇవాళ ఆయనకి పని ఎక్కువుందేమోలే" అనుకుంటూ పొయ్యి తుడుచుకునేది. ఇద్దరిలో ఎవరిది అసలు భక్తో అతనికి తేలలేదు. అందుకని మధ్యేమార్గంగా ఒక అలవాటు చేసుకున్నాడు. రోజూ పొద్దున లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం వేడెక్కేలోగా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఏదైనా అడగాలనిపిస్తే గభాల్న కళ్ళు తెరిచేసేవాడు.

ఆ చలికాలం మాత్రం కళ్ళు తెరవడం కష్టమైపోయింది. కారణం, ఏడాదిన్నర కొడుకు.

చలి మొదలవక ముందు వాడు మంచం పట్టీ వదిలేసి, గోడ దాకా తప్పటడుగులు వేశాడు. ఇల్లంతా చప్పట్లు కొట్టారు. నానమ్మ దిష్టి తగులుతుందని అందర్నీ కసిరింది. తర్వాత చలి వచ్చింది. కిటికీ సందులకి పాత గుడ్డలు కుక్కాల్సినంత చలి. ఎందుకో గాని, ఆ చలితోపాటే పిల్లవాడి నడకా ఆగిపోయింది. నిలబెడితే కొయ్యలా నిలబడతాడు. అడుగు వెయ్యమంటే ముందుకు ఒరిగి, మొదలు నరికిన చెట్టులా దబ్బున పడతాడు. దెబ్బేమీ తగలదు, ఒంటి నిండా అన్ని బట్టలుంటే ఎలా తగులుతుంది? పడ్డచోటే పడుకుని పైకప్పు చూస్తూ ఎవరైనా లేపుతారని ఎదురుచూస్తాడు.

ఆ బట్టల సంగతి చెప్పాలి. పొద్దున్నే దుప్పట్లోనే నానమ్మ తను అల్లిన ఊలు మేజోళ్ళు తొడల దాకా తొడిగేది. తల్లి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి వెళ్ళేముందు దానిమీద దూది కుట్టిన పైజమా ఎక్కించేది. అన్నిటికన్నా పైన తండ్రిగారి వంతుగా ఒక చిన్న లాగు. మందపాటి గుడ్డ, దట్టంగా గంజి పెట్టి, తన చేత్తో ఇస్త్రీ చేసి తెచ్చేవాడు. గంజి పెట్టిన గుడ్డలోంచి గాలి దూరదని అతని నమ్మకం. పైగా ఇస్త్రీ మాస్టరు కొడుకు నలిగిన లాగుతో కనిపిస్తే నలుగురూ ఏమనుకుంటారు? సాయంత్రం ఇంటికి రాగానే ముందు కొడుకు కాళ్ళకేసి చూసేవాడు. పొద్దున తీసిన గీత కత్తి అంచులా అలాగే ఉండేది. "మడత చెక్కు చెదర్లేదు చూశావా?" అని భార్యకి చూపించి మురిసిపోయేవాడు.

ఒకరు వేసింది ఇంకొకరు తీసేవారు కాదు. "నువ్వు వేసింది చాలదు" అని ఆ ఇంట్లో ఎవరైనా అనొచ్చు. "నువ్వు వేసింది ఎక్కువైంది" అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. స్నానం కూడా తొట్టిలో కూర్చోబెట్టి చేయించి, తువ్వాల్లో చుట్టి, హీటరు ముందే మళ్ళీ మేజోళ్ళు తొడిగేవారు. ఉత్త కాళ్ళు నేల మోపి ఎన్నాళ్ళయిందో వాడికీ గుర్తుండి ఉండదు.

కింది వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. అందరికీ ఆవిడ కండక్టరమ్మే. మాస్టరు భార్య కడుపుతో ఉండి నడుంనొప్పితో అల్లాడుతున్నప్పుడు ఆవిడే తన రబ్బరు వేడినీళ్ళ బ్యాగు తెచ్చిచ్చింది.

"తిరిగివ్వడానికి మీరెవరూ రాకండి," అంది అప్పుడు. "లోపలున్నాడే, ఆ ప్రయాణికుడు బయటికి దిగి, తన కాళ్ళమీద నడిచొచ్చి నా చేతికివ్వాలి. అప్పటిదాకా నా తలుపు వెనక మేకు ఖాళీగానే ఉంటుంది."

తర్వాత రెండు మూడుసార్లు ఇవ్వబోయినా పుచ్చుకోలేదు. మెట్లమీద ఎదురైనప్పుడల్లా పిల్లవాడి బుగ్గ గిల్లి, "ఏరా మూటగాడా! టికెట్టు తీసుకుని కూర్చున్నావు గాని నీ బస్సు కదలదేం? నా బ్యాగెప్పుడిస్తావ్?" అనేది. మూటగాడనే పేరు పెట్టిందీ ఆవిడే.

ఈ మధ్య ఆవిడ అలా అడగడం మానేసింది. పిల్లవాడి గడ్డం పుణికి, నవ్వి ఊరుకుంటోంది. వేళాకోళమాడినన్నాళ్ళూ మాస్టరు భార్య నవ్వేది. ఆవిడ మాట మానేసిందని అర్థమైన రోజు, పొద్దున్నే పైకొచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది.

"ఆవిడకీ తెలిసిపోయిందండీ," అంది. "వాడి కాళ్ళలో ఏదో ఉంది. వేసిన అడుగు మర్చిపోయే పిల్లలుంటారా ఎక్కడైనా?"

"ఎముకల డాక్టరు వచ్చే వారం చూస్తానన్నాడుగా. అప్పుడే ఎందుకలా అనుకుంటావ్?"

"అనుకోకుండా ఉండటం మీకు చేతనవుతోందా? రాత్రి మీరు నిద్రలో వాడి కాళ్ళు పట్టుకుని పడుకున్నారు."

అతను కొడుక్కి లాగు తొడిగి, గీత సరిచేసి, పనికి బయల్దేరాడు.

ఆ పొద్దున యంత్రం బుసలు కొడుతుంటే కళ్ళు మూసుకున్నాడు. అడగాలనిపించింది. ఈసారి కళ్ళు తెరవలేదు. "స్వామీ, వాణ్ణి నడిపించు," అన్నాడు పైకే. ఇదొక్కటి ఇస్తే ఇంకెప్పుడూ ఏమీ అడగనని కూడా చెప్పబోయాడు గాని, నాలిక కరుచుకున్నాడు. పిల్లవాడున్న ఇల్లు, ముందు ముందు ఏం అవసరం పడుతుందో! అడిగినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే వరసగా చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి పడేశాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మ ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చుంది.

"ఒరేయ్, నాకు ఒకటే తుమ్ములు. వీడికి అంటుకుంటే మీ ఆవిడ నన్ను వదలదు. సాయంత్రం దాకా నీ దగ్గరే పెట్టుకో," అంటూ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మనవణ్ణి అప్పగించింది.

లాండ్రీ వెనకగది ఎంత చలిలోనైనా వెచ్చగా ఉంటుంది. బాయిలరు అక్కడే. పైన కమ్మీలకి కోట్లు బారులు తీరి వేలాడుతుంటాయి. లాండ్రీ యజమానురాల్ని అందరూ వదినా అంటారు. ఆవిడ కౌంటరు వదిలి వచ్చి, పిల్లవాణ్ణి ఉతకాల్సిన బట్టల బుట్టలో కూర్చోబెట్టి, గ్లాసుతో పాలిచ్చింది. వాడు సగం తాగి, మిగతా సగం లాగుమీద పోసుకున్నాడు.

"అయ్యో, మాస్టరుగారి ఇస్త్రీ!" అంది ఆవిడ. "విప్పెయ్ మరిదీ, నేను తడిగుడ్డతో తుడుస్తా. నువ్వు మళ్ళీ ఒకసారి ఇస్త్రీ చేద్దువుగాని."

అతను లాగు విప్పి బల్లమీద పెట్టాడు. వదిన తడిగుడ్డ పట్టుకుని తిరిగి చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది.

"ఇదేం చోద్యం! లాగు దానంతటదే నిలబడిందేంటి మరిదీ? లోపల ఇంకో పిల్లాడు గాని ఉన్నాడా?"

నిజంగానే లాగు బల్లమీద రెండు కాళ్ళమీద నిలబడి ఉంది. అతనూ నవ్వబోయాడు. అలవాటుకొద్దీ చూపు మోకాళ్ళ దగ్గరికి పోయింది.

చేతికొచ్చిన ప్రతి లాగుకీ అతను ముందు మోకాళ్ళే చూస్తాడు. డ్రైవరు లాగు మోకాలి వెనక ముడతలు పడుతుంది. నేల తుడిచేవాళ్ళది ముందువైపు ఉబ్బుతుంది. ఎంత పెద్దమనిషిదైనా కూర్చుని లేచాక అక్కడో గుర్తు మిగలాల్సిందే. వాటిని చదును చేయడమే కదా అతని వృత్తి! ఈ లాగు మోకాళ్ళ దగ్గర ఒక్క గుర్తూ లేదు. పొద్దున ఎలా తొడిగాడో అలాగే ఉంది. నిన్నా అలాగే ఉంది, మొన్నా అలాగే ఉంది. చెక్కు చెదర్లేదని మురిసిపోయాడు.

మోకాలు వంచకుండా మనిషి ఎలా నడుస్తాడు?

"వదినా," అన్నాడు. "వీడికి మోకాళ్ళు వంగే దారి లేదు. నేనే... నేనే మూసేశాను."

వదిన నవ్వు ఆపింది. ఒకసారి లాగు వంక, ఒకసారి పిల్లవాడి వంక చూసింది. "అయితే మిగతావీ తీసెయ్. ఇక్కడ చలెక్కడుంది? నాకే చెమటలు పడుతున్నాయి," అంది.

పైజమా తీశాడు. మేజోళ్ళు లాగాడు. లాగుతుంటే అవి వస్తూనే ఉన్నాయి. వాళ్ళమ్మ ఎంత ప్రేమగా అల్లిందో అప్పుడు తెలిసింది. చివరికి ఎర్రగా, ఊలు అచ్చులు పడ్డ రెండు చిన్న కాళ్ళు బయటపడ్డాయి. వాడు వాటిని కొత్తగా ఎవరో ఇచ్చినట్టు చూసుకున్నాడు. ఒక మోకాలు వంచాడు, చాచాడు. రెండోది వంచాడు. బొటనవేలు అందుకుని నోట్లో పెట్టుకోబోయాడు.

అతను ఎత్తి నేలమీద నిలబెట్టి చేతులు వదిలాడు.

పిల్లవాడు తండ్రి వంక చూడనే లేదు. ఎదురుగా ఎవరిదో ఆడవాళ్ళ కోటు బెల్టు ఒకటి వేలాడుతోంది. అది కావాలి వాడికి. ఒక అడుగు వేశాడు, ఊగాడు. ఇంకో అడుగు. మధ్యలో చతికిలబడ్డాడు. పడ్డవాడు ఈసారి పైకప్పు చూస్తూ పడుకోలేదు. చేతులు ఆనించి, పిర్రలు పైకెత్తి, తనంతట తనే లేచి, వెళ్ళి బెల్టు పట్టుకుని లాగాడు. కోటు వచ్చి నెత్తిమీద పడింది. కోటు కిందనుంచి కిలకిలా నవ్వు వినిపించింది.

ఇస్త్రీ మాస్టరు బట్టల బుట్ట అంచున కూలబడి మొహం తువ్వాల్లో దాచుకున్నాడు.

"ఏడుస్తావేం మరిదీ?" అంది వదిన, తన కళ్ళు తుడుచుకుంటూ. "ఆ కోటు మళ్ళీ ఇస్త్రీ చెయ్యాలి, లే!"

సాయంత్రం భార్య ఇంటికి వచ్చేసరికి ఒంటిపొర పైజమాతో కొడుకు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆవిడ గుమ్మంలోంచే అందుకుంది: "ఇదేంటండీ! ఈ చలిలో వాణ్ణి అలా వదిలేశారు? మీకసలు బుద్ధి..."

పిల్లవాడు అమ్మ గొంతు విని కదిలాడు. గోడ వదిలాడు. చేతులు రెండూ పైకెత్తి, తూలుకుంటూ, గది దాటి వచ్చి ఆవిడ మోకాళ్ళకి గుద్దుకున్నాడు. చేతిలో సంచి నేలమీద జారిపోయింది. ఆవిడ అక్కడే కూర్చుండిపోయి వాణ్ణి గుండెకి అదుముకుంది. జరిగినదంతా అతను చెబుతుంటే సగం విని, చేతికందిన దిండు అతనిమీదికి విసిరింది.

"చెక్కు చెదర్లేదు చూశావా అని నాకే చూపించారు! వాడి కాళ్ళకి దడి కట్టి!"

"నీ దూది పైజమా, అమ్మ మేజోళ్ళు కూడా ఉన్నాయిగా లోపల?" అన్నాడు దిండు పట్టుకుని.

"మధ్యలో నన్ను లాగకండర్రా," అంది వాళ్ళమ్మ తుమ్ముతూ. "గంజి వద్దని నేను ముందే చెప్పా."

"ఎప్పుడు చెప్పావమ్మా?"

"నీతో చెప్పలేదు. మనసులో అనుకున్నా. దేవుడితో మాత్రం రోజూ చెబుతూనే ఉన్నా, వీడి నడక చూడమని."

ముగ్గురూ నవ్వారు. ఎన్నాళ్ళకో నవ్వారు. డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్దామనీ, ఆయనకీ వీడి నడక చూపిద్దామనీ భార్య అంది. సరేనన్నాడు. లోపల మాత్రం పాత సందేహం కొత్త వేషంలో కదిలింది. పొద్దున తను అడిగాడు, మధ్యాహ్నం దేవుడు ఇచ్చాడు. ఇచ్చాడా? లేక, "నేనెప్పుడో ఇచ్చాను, నువ్వు కాస్త అడ్డం తప్పుకో" అన్నాడా? తేలలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

"ఏవండీ, ఆ బ్యాగు తీయండి," అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ లేచి.

అటక మీంచి వేడినీళ్ళ బ్యాగు తీసి, దుమ్ము దులిపి, మూత సరిగ్గా ఉందో లేదో చూసి, పిల్లవాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగారు. కండక్టరమ్మ తలుపు కాస్త దూరంలో ఉండగా వాణ్ణి దించి, బ్యాగు వాడి రెండు చేతుల్లో పెట్టారు. వాడంత ఉంది అది. భార్య వెళ్ళి తలుపు తట్టి పక్కకి జరిగింది.

కండక్టరమ్మ తలుపు తీసింది. చేతిలో కొరికిన బిస్కెట్టు ఉంది. ఎదురుగా ఎవరూ లేరనుకుని, తర్వాత కిందికి చూసింది. మెల్లగా గుమ్మంలోనే కూర్చుంది.

మూటగాడు కదిలాడు. బ్యాగు బరువుకి ఒకసారి పక్కకి తూలాడు. తండ్రి చేయి చాచబోతే భార్య అతని మణికట్టు పట్టి ఆపింది. వాడు నిలదొక్కుకుని, గుమ్మం దాకా వెళ్ళి, ఆవిడ చేతిలోని బిస్కెట్టు చూశాడు. ఒక్క చేత్తో బ్యాగు పొట్టకి హత్తుకుని, రెండో చెయ్యి చాపాడు. సిగ్గూ లేదు, మొహమాటమూ లేదు. కావాలి, అంతే. ఆవిడ దగ్గరుంది, ఇస్తుంది. అతను కొడుకు చాపిన అరచేతినే చూస్తూ నిలబడ్డాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అంది కండక్టరమ్మ. "ముందు నాది నాకివ్వు. తర్వాత నీది నువ్వు పుచ్చుకో."

వాడు ఒక క్షణం ఆలోచించాడు. బ్యాగు ఆవిడ ఒళ్ళో పడేసి బిస్కెట్టు అందుకున్నాడు.

"దిగాల్సిన స్టాపొచ్చిందమ్మా," అంది ఆవిడ మాస్టరు భార్యతో. లేచి, కొంగుతో బ్యాగు ఒకసారి తుడిచి, తలుపు వెనక ఖాళీగా ఉన్న మేకుకి తగిలించింది.