మోటారు మీద కొత్త గొంగడి

లక్ష్మీరాజం పటేలు తన మోటారుకు హైదరాబాదులో కొత్త రంగు వేయించుకొని వచ్చాడు. నేరేడుపండు రంగు. నీడలో నల్లగా, ఎండలో ఊదాగా కనిపించేది. కామారెడ్డిలో ఆయన ఇంటి ముందు అది ఆగి ఉంటే, దారిన పోయేవాళ్లు ఒక్క క్షణం నిలబడి అందులో చూసుకుంటూ తలపాగాలు సర్దుకొనేవాళ్లు.

ఆ మోటారు తోలేది మా ఆయన యాకూబు. పటేలు ఇంటి వెనక ఒక గదిలో మా కాపురం. పని ఉన్నన్నాళ్లే ఆ గది.

ఆ ఏడు దసరా దాటినా వానలు పోలేదు. పెద్దకొడప్‌గల్‌లో పటేలు మేనల్లుళ్లు పంపకాల దగ్గర పేచీ పడి, పెద్దమనిషిగా రమ్మని కబురు పెట్టారు. అప్పటికి నేను మక్కజొన్న కోతల కోసం ఎల్లారెడ్డిలో మా అమ్మ హన్మవ్వ దగ్గర ఉన్నాను. మోటారు ఎల్లారెడ్డి దాకా బాగానే వచ్చింది. అక్కడ ఎదురైన బండ్లవాళ్లు, ముందర వాగు దారిని కోసేసిందనీ, ఎడ్లబండి అయితే ఎట్లాగో దాటుతుంది గాని మోటారు దాటదనీ చెప్పారు. పటేలు గొణుక్కుంటూ ఒక బండి మాట్లాడుకున్నాడు. మోటారును మా ఆయనకు అప్పగించాడు. అప్పగించడం అంటే ఆడపిల్లను అత్తవారికి అప్పగించినట్టే. దాని చుట్టూ ఒకసారి తిరిగి, పైపంచె కొంగుతో దీపాల అద్దాలు తుడిచి, అప్పుడు నోరు తెరిచాడు.

"నేనొచ్చేదాంక దీన్ని తోలొద్దు, ఎవన్నీ దగ్గరికి రానియ్యకు. రంగు మీద గోటి గీత వడ్డా సరే, తాళంచెయ్యి నా చేతుల వెట్టి పోవుడే యాకూబూ. గది గూడ ఖాళీ జేసుడే."

మా ఆయన తల ఊపాడు. బండి మలుపు తిరిగి కనబడకుండా పోయాక నా వైపు చూసి, దీన్ని ఎక్కడ పెట్టాలి అని అడిగాడు.

చిక్కంతా అక్కడే ఉంది. మా అమ్మ ఇల్లు ఒక గదీ, ఒక వసారా. మోటారు లోపలికి రావాలంటే ముందు గోడ విప్పాలి. చుట్టుపక్కల దానికి సరిపోయే కొట్టం ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో బర్రెలున్నాయి. బర్రె ఒకసారి ఒళ్లు గోక్కుంటే ఇక రంగు సంగతి చెప్పుకోనక్కర లేదు.

మొదట చింతచెట్టు కింద పెట్టాడు. నీడ చల్లగా ఉంది గాని, పొద్దు వాలేసరికి కొంగలన్నీ ఆ చెట్టు మీదికే చేరాయి. తెల్లవారి చూస్తే మోటారు మీద ముగ్గు పోసినట్టు ఉంది. సున్నం ఎక్కువైన తమలపాకు నోటిని కొరికినట్టు ఈ రెట్ట కొత్త రంగును కొరుకుతుందట. మా ఆయన దాన్ని గోకలేదు. తడిగుడ్డలు పరిచి, అది మెత్తబడేదాకా పక్కనే కూర్చున్నాడు.

తరువాత వేపచెట్టు కిందికి మార్చాడు. అక్కడ పిట్టలు తక్కువే గాని పైనుంచి జిగురు చుక్కలు రాలాయి. వాటి కోసం చీమలు వచ్చాయి. చీమలు రంగును ఏమీ చేయవని నేనన్నాను. మరి వాటి కోసం కోళ్లు రావా అని ఆయన అడిగాడు. నిజంగానే వచ్చాయి.

ఇక చెట్లు వద్దని మా ఇంటి గోడ పక్కన పెట్టాడు. గోడ నీడ ఎంతసేపు ఉంటుంది? అది జరిగినప్పుడల్లా ఆయన మోటారును తోసి దాని వెంట జరుపుతున్నాడు. తోలవద్దన్నారు గాని తోయవద్దనలేదు గదా. ఎదురింటి మల్లన్న తన మేకలను విప్పుకొని పోతూ ఆగాడు.

"ఏం అల్లుడా, మేతకు తోల్కపోతున్నవా? నా మేకలెంబడి పంపు, నేను మేపుకస్త."

మల్లన్న మేకలంటేనే మా ఆయనకు గుండె దడ. కొంచెం ఎత్తు కనిపిస్తే చాలు ఎక్కి నిలబడే జాతి అది. వాటితో బాటు వాడకట్టు పిల్లలు. దుమ్ము పట్టిన చోట వేలితో ఏనుగును గీయబోతే, దుమ్ములో ఇసుక ఉంటుందనీ, వేలితో రుద్దితే ఇసుక రంగును కోస్తుందనీ వాళ్లకు విడమరచి చెప్పాడు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. విని, అవతలి వైపుకు పోయి గుర్రాన్ని గీశారు.

మా అమ్మకు అల్లుడి కొలువు మీద మొదటినుంచీ నమ్మకం లేదు. గడ్డి తినని దాన్ని నమ్ముకొని బతికినవాళ్లు ఎవరని అడిగేది. కాని అన్నం ముందు కూర్చొని కూడా అల్లుడు వాకిలి వైపే చూస్తుంటే ఆమె మనసు ఆగలేదు. ఆ సాయంత్రం దూలం మీదినుంచి ఒక మూట దింపింది. అందులో కొత్త గొంగడి ఉంది. అల్లుడి కోసమే చెప్పి నేయించి, పండుగకు ఇద్దామని దాచింది.

పాత గొంగడి ఉంది కదా, అది కప్పుదామని నేనన్నాను. అది మెత్తగా కూడా ఉంటుందన్నాను.

"పటేలు మోటారు మీద చినిగిన గొంగడి కప్పుతరానే? చూసినోల్లు ఏమంటరు? నా అల్లుని ఇజ్జతు ఏం గావాలె?"

పటేలు ముందుగా చూసేది ఇంజను మీది రేకు మూతనే కాబట్టి దాని మీద కొత్త గొంగడి పరిచింది. మిగిలిన ఒళ్లంతా మా పాత చీరలు కప్పాము. అన్నీ సుతిలి తాడుతో కట్టాము. దూరం నుంచి చూస్తే మోటారు జ్వరం వచ్చి పడుకున్నట్టు ఉంది. మా ఆయన మాత్రం అంతా తిరిగి చూసుకొని, రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

కొత్త గొంగడి నేసేటప్పుడు దారాలకు చింతగింజల గంజి పట్టిస్తారు. అందుకే అది అట్టలాగ నిలబడుతుంది. రెండు మూడు వానలు తడిస్తే గాని భుజం మీద ఒదగదు. మా దిక్కున ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. కాని మాకు తెలిసింది మనిషి భుజం సంగతే. మోటారు మీద గొంగడి కప్పినవాళ్లను అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

తెల్లవారుజామున సన్నని జల్లు పడింది. గొంగడి ఉంది గదా అని మేము నిశ్చింతగా ఉన్నాము. ఆ తరువాత ఎండ ఫెళ్లున కాసింది. పటేలు ఈ పూటో రేపో వస్తాడని ఎవరో చెప్పగా, తుడిచి సిద్ధంగా పెడదామని మా ఆయన చీరలు విప్పాడు. చీరలు హాయిగా వచ్చాయి. గొంగడి రాలేదు. కొస పట్టుకొని ఎత్తితే రేకు మూత కూడా కలిసి లేస్తానంటున్నది. గంజి జల్లుకు కరిగి, ఎండకు ఎండి, గొంగడినీ మోటారునూ ఒకటి చేసింది.

ఆయన బిత్తరపోయి గట్టిగా గుంజాడు. చర్రుమని ఒక చప్పుడు వచ్చింది. మా అమ్మ ఇంట్లోంచి ఉరికొచ్చి ఆయన చేయి పట్టుకుంది.

"గుంజకు బిడ్డా. బంక ఎండింది, నానవెట్టాలె."

అప్పటికే అరచేయి మేర నేరేడు రంగు ఊడి, గొంగడికి అంటుకొని వచ్చేసింది. దాని కింద బూడిద రంగు రేకు బయటపడింది. మా ఆయన ఆ గొంగడి కొసను పట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

మా అమ్మ నిలబడలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టింది. గోరువెచ్చని నీళ్లు నేను కుండలతో మోసుకొస్తుంటే, ఆమె గొంగడి మీద చెంబుతో నెమ్మదిగా పోసింది. మల్లన్న మేకలను వదిలి చూడవచ్చాడు.

"ఏందే హన్మవ్వా, మోటారుకు లగ్గం స్నానం చేయిస్తున్నవా?"

"అవ్. నలుగు వెట్టనీకి నిన్నే పిలుద్దామనుకున్న. నీళ్లు మోస్తే మొయ్యి, లేకుంటే నీ మేకల దగ్గరికి పో."

మల్లన్న నోరు మూసుకొని నీళ్లు మోశాడు. మధ్యాహ్నానికి గంజి జారిపోయి గొంగడి తనంతట తానే ఊడివచ్చింది. మిగిలిన జిగురును చేతివేళ్లతో కాక, తడిగుడ్డతో అద్ది అద్ది తీశాము. ఊలు వెంట్రుకలు ఒక్కొక్కటీ ఏరాము. మోటారు మళ్లీ మెరిసింది, ఆ అరచేయి మేర తప్ప. మా అమ్మ లోపలికి పోయి ఒక వంకాయ తెచ్చి ఆ మచ్చ పక్కన ఆనించి చూసింది. రంగు సరిగ్గా కలిసింది. కాని వంకాయతో ఏం చేయగలం? దాన్ని కూరలో వేసింది.

దీపం మసి ఆముదంలో కలిపి రాస్తే కనబడదని నేను చెప్పాను. మా ఆయన వద్దన్నాడు. ఇవాళ కనబడకపోయినా రేపు కనబడుతుంది, అప్పుడు ఊడగొట్టింది కాక దాచింది కూడా మనమే అవుతామన్నాడు. గొంగడి కప్పింది తనే కాబట్టి పటేలుకు తానే చెప్పుకుంటానని మా అమ్మ అంది. ముసలిదాన్ని, నన్నేం చేస్తాడని అంది.

పొద్దు తిరిగాక పటేలు వచ్చాడు. ఎడ్లబండి గుంతల దారిన కుదిపేసిందేమో, నడుము పట్టుకొని దిగాడు. మోటారు చుట్టూ తిరుగుతూ ముందుకు వచ్చి ఆగిపోయాడు. ఇదేమిటని అడిగాడు.

మా అమ్మ గొంతు సవరించుకుంది. ఆమె కంటే ముందు మా ఆయన మాట్లాడాడు.

"గొంగడి అంటుకుంటే నానవెట్టకుంట గుంజిన పటేలా. తప్పు నాదే."

పటేలు చేయి చాచాడు. మా ఆయన తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. పటేలు దాన్ని పిడికిట్లో పట్టుకొని నాలుగడుగులు వేశాడు. తరువాత మోటారు వైపు చూశాడు. వెనక్కి పోతున్న ఎడ్లబండి వైపు చూశాడు. చేయి నడుము మీదికి పోయింది. ఆయనకు మోటారు తోలడం రాదు. తాళంచెవి మళ్లీ మా ఆయన చేతిలో పెట్టాడు.

"కామారెడ్డి దాంక తోలు. ఆడ దిగినంక తాళంచెయ్యి నా చేతికియ్యి."

గది ఖాళీ చేయాలంటే సామాను సర్దడానికి నేనూ ఉండాలి గదా. మా అమ్మ నాకు మూట కట్టి ఇచ్చింది. నేను ముందు సీటులో మా ఆయన పక్కన ఒదిగి కూర్చున్నాను. ఎక్కడికి పోతాము, ఎవరి ఇంట్లో గది దొరుకుతుంది అని నేను లోపల ఒక్కొక్క వీధినీ తలుచుకుంటూ వచ్చాను. మా ఆయన మాత్రం మోటారు రేపు కూడా తనదే అన్నంత జాగ్రత్తగా గుంతలు తప్పిస్తున్నాడు.

కామారెడ్డిలో రైలు గేటు పడి ఉంది. మోటారు ఆగింది. అదే సమయానికి వకీలు నారాయణ గొడుగు పట్టుకొని అటుగా వచ్చాడు. ఈ వకీలుకూ పటేలుకూ స్నేహం ఎంతో పోటీ అంత. వకీలు వాడే గుర్రపు టాంగాను చూసి పటేలు నవ్వేవాడు. రంగు వేయించిన రోజు మోటారును ఆ టాంగా పక్కనే ఆపించాడు కూడా.

వకీలు పలకరించి, రంగును మెచ్చుకుంటూ ముందుకు నడిచి, ఆ మచ్చ దగ్గర ఆగాడు.

"గిదేంది పటేలా? అప్పుడే పొలుసు లేసిందా?"

నేను మూటను గట్టిగా పట్టుకున్నాను. పటేలు ఏమని చెప్తాడు? తన మోటారును గొంగడి కప్పి పడుకోబెట్టారనీ, పొద్దున లేపబోతే తోలు ఊడిందనీ చెప్తాడా? చెబితే చీకటి పడేలోపు బజారంతా తెలిసిపోతుంది. పటేలు వెనక సీటులో నిటారుగా కూర్చున్నాడు.

"వాగుల చెట్టుకొమ్మ కొట్టుకొచ్చింది. మావోడు ఒడుపుగ పక్కకు తిప్పిండు గాబట్టి గింతతోటి పోయింది. లేకుంటే మోటారు గూడ పోతుండె, నేను గూడ పోతుంటి."

వకీలు కళ్లు పెద్దవి చేసి మా ఆయనను అడిగాడు, నిజమేనా అని. మా ఆయన అబద్ధం ఆడే మనిషి కాడు. పటేలును అబద్ధాలవాణ్ణి చేసే మనిషీ కాడు. చక్రం మీద చేతులు తీయకుండా, "పటేలు చెప్పినంక నేను చెప్పేదేముంటది" అన్నాడు.

ఆ మాట వకీలుకు మరీ నచ్చింది. చేసిన పనిని చెప్పుకోని మనిషి ఈ కాలంలో దొరకడన్నాడు. కిటికీలోకి వంగి పటేలుతో నవ్వుతూనే అన్నాడు గాని, అడగడం నిజంగానే అడిగాడు.

"గిసొంటోడు దొరికితే రేపే మోటారు కొంటుంటి. వీన్ని నాకియ్యరాదు పటేలా?"

రైలు వచ్చింది. డబ్బాల చప్పుడులో ఎవరి మాటా వినబడలేదు. అది దాటిపోయేదాకా నేను వెనక్కి తిరగలేదు. గేటు లేచింది.

"మావోడు ఎక్కడికీ రాడు" అన్నాడు పటేలు. మా ఆయనతో పోనిమ్మన్నాడు.

ఇంటి ముందు పటేలు దిగాడు. మా ఆయన కూడా దిగి, మాట ప్రకారం తాళంచెవి ఆయన ముందు చాచాడు. పటేలు దాని వంక చూసి, వకీలుకు తాను చెప్పిన మాట గుర్తొచ్చినట్టు మొహం పెట్టాడు. చేయి మాత్రం చాచలేదు.

"రేపు స్టేషనుకు పోవాలె. జెర ముందుగాల్నే రా. వకీలు ఇంటి దిక్కెల్లి పోకు, చుట్టు తిరిగి పోదాం."

అని, నడుము పట్టుకొని మెట్లెక్కి లోపలికి పోయాడు. మా ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నేను మూటను గదిలోకి తీసుకుపోయి విప్పాను. పొయ్యి రాజేసి బయటికి చూస్తే, మోటారును ఈ రాత్రికి ఏ వారగా పెడదామా అని ఆయన ఆకాశం వైపు చూస్తూ వాకిట్లో తిరుగుతున్నాడు.