మోకాలి దాకా దించిన షట్టరు

బంద్ రోజు కదిరిలో టీకొట్లు షట్టరు మోకాలి దాకా దించి నడుస్తాయి. బంద్ వాళ్ళకు మూసినట్టు, టీ తాగేవాళ్ళకు తెరిచినట్టు. సువార్త కొట్టూ అంతే.

రోజూ వచ్చే లింగన్న లోపల టీ ఊదుకుంటూ, మూలన ఫోన్లో ఆటాడుతున్న సువార్త కూతురు సారాను చూసి అందుకున్నాడు.

"ఆ ఫోన్లో తుపాకులు కాల్చి కాల్చే ఈ కాలం పిల్లోళ్ళు రోడ్డు మీద రాళ్ళేస్తాండారు. రాజకీయం లేదు, గీజకీయం లేదు. అంతా ఆటల పిచ్చి!"

సువార్తకు ఒళ్ళు మండింది. ఆమె నోరు తెరిచేలోగా బయట "పూర్తిగా దించండి!" అని కేకలు లేచాయి. ఆ వెంటనే షట్టరు మీద దబ్బున రాయి పడింది.

ముగ్గురూ వంగి చూశారు. షట్టరు కింద కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. పగిలిన మడమలు, మాసిన పంచె అంచులు. ఒక టైరు చెప్పు ముందుకొచ్చింది. దాని పక్కనున్న రాయిని అందుకోవడానికి ముడతల చెయ్యి ఒకటి కిందికి దిగింది. ఆ చెప్పుకు నీలం కరెంటు తీగతో కుట్టు వేసి ఉంది.

లింగన్న గ్లాసు కింద పెట్టి, ఇంకా కిందికి వంగి చూశాడు.

"మా యన్న... ఆ చెప్పు పొద్దున నేనే కుట్టిచ్చినా."

చెయ్యి రాయితో పైకి లేచింది. సువార్త కూతుర్ని వెనక్కి లాక్కుంటూ అడిగింది.

"మీ యన్నది బటన్ ఫోను కదన్నా?"