మనిషికో గ్లాసు

కొర్రలు నానబెట్టలేదని నూకరత్నానికి పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది. బ్రష్ నోట్లో ఉండగానే వంటింట్లోకి పరిగెత్తింది. గిన్నె బోర్లించింది బోర్లించినట్టే ఉంది. ఆదివారం, ఆరున్నర. ఇప్పుడు నానబోస్తే మధ్యాహ్నం రెండు దాటితే గాని పొయ్యెక్కవు. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో, మొగుడు ధనరాజ్ గుండ్రటి చేతిరాతలో, ఆదివారం గడి కళ్ళకి కొట్టొచ్చినట్టు కనబడుతోంది: కొర్రన్నం, ములక్కాడల పులుసు, రాగి లడ్డూలు. ఆ కాగితం రాయడానికి అతనికి పది నిమిషాలు పట్టింది. అందులో ఉన్నవి వండడానికి ఆమెకి వారంలో ఏడు రోజులూ చాలడం లేదు.

ధనరాజ్ పరవాడలో మందుల కంపెనీకి వెళ్తాడు. ఏడాది క్రితం ఫోన్లో ఎవరిదో ప్రసంగం విని, ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నీ సంచిలోకెత్తి అవతల పారేశాడు. "రోజంతా కెమికల్స్ మధ్యే ఉంటన్నాను రత్నం. ఇంట్లోనైనా నేచురల్‌గా తినాల" అన్నాడు. అందులో తప్పేముంది? పిల్లల ఒంటికి మంచిదేనని ఆమే సంబరపడింది. నేచురల్ అంటే తన రెండు చేతులేనని తర్వాత తెలిసింది. రాగులు మొలకెత్తించాలి, ఆరబెట్టాలి, వేయించి మర పట్టించాలి. మూడేళ్ళ తారక్‌కి బిస్కెట్ బదులు నువ్వుండ. అత్తగారు దేముడమ్మకి షుగరు, రాత్రిపూట ఆవిడకి జొన్నరొట్టె. ఏడేళ్ళ హాసిని స్కూలు డబ్బాలోకి నిన్న పెట్టింది ఇవాళ పనికిరాదు. కారం ఇంట్లోనే కొట్టాలి. మిరపకాయల తొడిమలు తీసిన రోజు చేతులు మండి తారక్‌ని ఎత్తుకోలేకపోయింది. తెల్లగా మెరిసే బెల్లం గుమ్మం దాటి రాకూడదు. మునగపాక అవతల ఎవరో రైతు దగ్గర అతను నల్లబెల్లం తెస్తాడు, అది కరిగించి ఇసక వడకట్టడం ఆమె వంతు. పెళ్ళయ్యాక కూడా రెండేళ్ళు ఆమె ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పింది. హాసిని పుట్టాక "నీ చేతి వంట తినే అదృష్టం పిల్లకి లేకుండా చేత్తావా?" అని అతను ప్రేమగా అడిగాడు. ప్రేమగా అడిగితే కాదనడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

నెల కిందట కూరగాయల బజారులో కళ్ళు తిరిగి, ఆనపకాయల కుప్ప పక్కన కూలబడిపోయింది. డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం పరీక్ష చేయించి, "రక్తం ఏడే ఉంది, పన్నెండుండాలి. ఏం తింటున్నావమ్మా?" అంది. ఏం వండుతున్నావని అడిగి ఉంటే నూకరత్నం గడగడా చెప్పేది. తినడమంటే గిన్నె అడుగున గీకింది, తారక్ వదిలేసింది, నిలబడి రెండు ముద్దలు. ఒక్కోరోజు అదీ లేక కాసిని టీనీళ్ళు. ఇంటికొచ్చాక ధనరాజ్ పరువు పోయినట్టు ముఖం పెట్టాడు. "ఇలాటి తిండి ఈ వీధిలో ఏ ఇంట్లో ఉందని? నీకు రక్తం తక్కువేటి? నలుగురూ వింటే నవ్వుతారు." దేముడమ్మ అందుకుంది. "మేం పదిమందికి వండేం. మాకెప్పుడూ కళ్ళు తిరగలేదు." మాత్రలు మాత్రం అతను మర్చిపోకుండా తెచ్చిపెట్టాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఈపాటికి ముఖం మీదే నాలుగూ అనేసి ఉండేది. ఆ వీలు కూడా లేకపోయింది.

"కొర్రలు నానబెట్టడం మర్చిపోయేనండీ. ఇవాళ్టికి బియ్యం వండేత్తాను" అంది, అతనికి కషాయం అందిస్తూ.

అతను కాగితం వైపు చూసి, ఆమె వైపు చూశాడు. "ఒక్క పని రత్నం. పడుకునే ముందు గిన్నెలో పోసి నీళ్ళు పొయ్యడం. అది కూడా గుర్తుండదా?"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కోపం రావడానికి కూడా ఒంట్లో సత్తువ కావాలి.

పదకొండింటికి లడ్డూల కోసం బెల్లం పొయ్యి మీద కరుగుతోంది. హాల్లో ధనరాజ్ తనతో పనిచేసే త్రినాధరావుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "మా ఇంట్లోకి ప్యాకెట్ అన్నదే రాదు బావా. నూనె కూడా గానుగదే. అన్నీ మేమే చేసుకుంటాం." నూకరత్నం రెండు చేతులూ మోచేతుల దాకా జిగటగా ఉన్నాయి. "హాసినీ, బియ్యం కొలిచి గిన్నెలో పొయ్యమ్మా" అని కేకేసింది.

ఆ ఇంట్లో బియ్యమైనా కొర్రలైనా ఊరికే కొలవరు. డబ్బాలో ఉండే స్టీలు గ్లాసుతో, ఎవరికి పోస్తున్నారో ఆ మనిషిని పైకి చెప్పి పోయాలి. అలా తలుచుకుని పోస్తేనే తిండి ఒంటబడుతుందని దేముడమ్మ నమ్మకం. కాపరానికొచ్చిన కొత్తలో నూకరత్నం అందరి పేరునా పోసి, తనకోసం మరో గ్లాసు ముంచింది. దేముడమ్మ మణికట్టు పట్టుకుని ఆపింది. "ఎక్కడైనా కోడలు తనకి తను కొలుసుకుంటాదేటే? ఆడదానికి అడుగున మిగిల్తాది." సిగ్గుతో చచ్చిపోయి ఆ గ్లాసు తిరిగి డబ్బాలో వొంపేసింది. తొమ్మిదేళ్ళుగా మళ్ళీ ముంచలేదు.

హాసిని శ్రద్ధగా, అంచుకి సమానంగా గ్లాసు తలగొట్టి మరీ పోస్తోంది. "నాన్నకి ఒకటి. నానమ్మకి ఒకటి. తమ్ముడికి సగం. నాకు సగం." డబ్బా మూత పెట్టేసింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"మరి నాకో?" ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

హాసిని నవ్వింది. "నీకు కొలవరు కదమ్మా. బొమ్మలకి వండినప్పుడు నేను కూడా కొలుసుకోను తెల్సా? అమ్మని కదా అప్పుడు. పెద్దయ్యేక నిజంగానే కొలుసుకోను." ఆ ముఖంలో ఎంత గర్వమో.

నూకరత్నం గరిటె తిప్పడం ఆపేసింది. ఇది ఈ పిల్లకి దేముడమ్మ నేర్పలేదు, ధనరాజ్ నేర్పలేదు. రోజూ ఈ వంటింట్లో నాలుగు లెక్కలే పైకి చదివింది తను. లెక్కల టీచరు. ఇరవయ్యేళ్ళ తర్వాత ఏ బజార్లోనో, ఏ కూరగాయల కుప్ప పక్కనో కూలబడిన హాసిని కళ్ళముందు కనబడింది. ఏడుపు రాలేదు, భయమేసింది. పొయ్యి కట్టేసింది. బెల్లం సగమే కరిగింది. పోనీ.

"హాసినీ, ఆ బియ్యం మళ్ళీ డబ్బాలో పోసెయ్."

"ఎందుకమ్మా?"

"మొదట్నుంచి కొలువు. ముందు నాకు."

గుమ్మంలో దేముడమ్మ నిలబడి ఉంది. "ఏటే అది?"

"నాకు కొలిపిత్తన్నాను అత్తా."

"అడుగున మిగల్దేటి?"

"లేదత్తా. మిగలక తొమ్మిదేళ్ళయింది." గొంతు పెంచలేదు.

హాసిని గ్లాసు నిండా ముంచి, తలగొట్టి, "అమ్మకి ఒకటి" అంది గొణుగుతున్నట్టు.

"గట్టిగా చెప్పమ్మా. హాల్లోకి వినబడాల."

"అమ్మకి ఒకటి!"

హాల్లో ఫోను మాటలు ఆగిపోయాయి. నూకరత్నం కొళాయి తిప్పి, చేతుల బెల్లం నిదానంగా కడుక్కుంది.

"ఆఁ, ఇప్పుడు మిగతావాళ్ళకి పొయ్యి" అంది.