నిదానం పద్ధతి

కార్లు బాగుచేసే షెడ్డులో అతన్ని అందరూ నిదానం అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. కొత్త ఇంజన్ అతని చేతికొచ్చిందంటే ఇక దాని యజమాని పని అయినట్టే. లోపల పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు రాసుకుని, ఒకదానికొకటి అలవాటు పడేదాకా బండిని గట్టిగా తోలనిచ్చేవాడు కాదు. అలా నెమ్మదిగా తోలాలని కంపెనీ పుస్తకంలో రాసిన దూరం అతనికి ఆనేది కాదు. కొనేవాళ్ల తొందర చూసి కంపెనీవాళ్లు తగ్గించి రాస్తారనీ, అసలు దూరం దానికి రెట్టింపనీ వాదించేవాడు. అతను అలా సాకిన బండ్లు ఏళ్ల తరబడి చుక్క ఆయిలు తాగకుండా తిరిగేవి కాబట్టి ఎవరూ నోరెత్తేవారు కాదు.

అలాంటివాడి చేతిలో పడింది బావ కారు.

బావ అంటే నిదానం అక్క మొగుడు. బతుకంతా స్కూలు బస్సు తోలాడు. ఆ బస్సుకి వేగం పెరగకుండా బిగించిన తాళం ఒకటి, అది చాలదన్నట్టు వెనక పిల్లల గోల ఒకటి. సైకిళ్లవాళ్లు కూడా తనని దాటిపోయేవారని తనమీద తనే జోకులేసుకునేవాడు. ఆ మనిషికి నరాల జబ్బు వచ్చింది. ముందు ఎడమ కాలు పడిపోయింది. కుడి కాలూ పోతుందనీ, ఎప్పుడన్నది మాత్రం తన చేతిలో లేదనీ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. బావ ఇంటికొచ్చి, ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలం అమ్మేసి, పందేల్లో పరిగెత్తే రకం కారు కొన్నాడు. క్లచ్ లేని బండి, కుడి కాలు ఒక్కటుంటే చాలు. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. అక్క మాత్రం పల్లెత్తు మాట అనలేదు. దాని యాక్సిలరేటర్ పెడల్‌ని ఒకే ఒక్కసారి అడుగంటా తొక్కాలి, అంతే ఆయన కోరిక.

"తొక్కుదువుగాని బావా. ముందు ఇంజన్ని దారికి తేనీ," అన్నాడు నిదానం.

ఇక మొదలైంది వరస. ప్రతి ఉదయం షెడ్డుకి వెళ్లేముందు బావని ఎక్కించుకుని ఊరి బయటి రోడ్డెక్కేవాడు. ఒకే వేగంతో పోకూడదు, కాసేపు పెంచాలి, కాసేపు తగ్గించాలి. బ్రేకు మెల్లగా పట్టి మెల్లగా వదలాలి. చల్లగా ఉన్న ఇంజన్ని రేగ్గొట్టకూడదు. సగం దూరం బావే తోలేవాడు. మీటరు ముల్లు కాస్త పైకి లేచిందో, పక్కన నిదానం గొంతు సవరించుకునేవాడు. చంటిపిల్లకి పాలు పట్టినట్టు పడుతున్నావేంట్రా అని బావ వెక్కిరించేవాడు. అయినా ఆ కాసేపటి కోసం ఆయన పెందరాళే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో కుర్చీ వేయించుకునేవాడు. మళ్లీ అన్నం సయించి తింటున్నారురా అని అక్క తమ్ముడికి చెప్పి కళ్లు తుడుచుకుంది.

కంపెనీ చెప్పిన దూరం పూర్తయింది. పాత ఆయిలు దింపితే అందులో ఇనప రజను మెరిసింది. నిదానం దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూసి, ఇంకా రాలుతోంది, ఇంకో అంత తోలాల్సిందేనని తేల్చేశాడు. ఆ సాయంత్రం అక్క షెడ్డుకే వచ్చింది.

"ఆయన నిన్న మెట్టు దిగుతూ తూలారురా. ఇక చాలు, ఒక్కసారి తొక్కనివ్వు."

"ఇప్పుడు తొక్కితే రింగులు పాడవుతాయక్కా. ఇన్నాళ్ల పనీ బూడిదలో పోసినట్టే."

సగం అబద్ధం. ఆ మాత్రం రజను ఏ కొత్త ఇంజన్లోనైనా ఉంటుంది, ఒక్కసారి తొక్కినంతలో కొంపలేం మునగవు. ఆ సంగతి అతనికి తెలుసు. అతని భయం వేరు. ఆ ఒక్క తొక్కుడూ అయిపోతే ఇక మిగిలేదేముంది? మర్నాడు బావ దేనికోసం గడ్డం గీసుకుంటాడు? ఆ మాట అక్కతో అనలేక రింగుల మీదకి నెట్టాడు. ప్రేమ ముదిరితే మనిషికి ఎంత తెలివితక్కువతనం వస్తుందో చూడండి!

అక్క వెళ్లిపోయింది. బావ కూడా పట్టుబట్టలేదు. ఇన్నేళ్లూ బస్సు తాళానికి తలొగ్గిన మనిషి, బావమరిది మాటకీ అలాగే తలొగ్గాడు. ఆ దూరం ముగిసే చివరి రోజుల్లో ఎండ కళ్లలో పడుతోంది, నువ్వే తోలు అనడం మొదలుపెట్టాడు. నిదానం ఆ సాకు నమ్మాడు. నమ్మకపోతే ఇంకో సంగతి నమ్మాల్సి వచ్చేది.

రెట్టింపు దూరం పూర్తయిన రోజు మళ్లీ ఆయిలు దింపాడు. తేనెలా శుభ్రంగా వచ్చింది. కారు కడిగి, తుడిచి, గుమ్మం ముందుకి తెచ్చి హారన్ కొట్టాడు. అక్కా తనూ చెరో రెక్కా పట్టుకుని బావని స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. బావ పాదం పెడల్ మీద పెట్టాడు. మొహం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి, ఇంజన్ గొంతు మాత్రం మారలేదు. రెండు చేతులతో మోకాలిని అదిమాడు. మడమ పక్కకి జారిపోయింది.

నేను తోలతాను, నువ్వు పక్కన కూర్చో బావా అని నిదానం బతిమాలాడు.

"పక్కన కూర్చోడానికి కొనుక్కున్నానట్రా?" అన్నాడు బావ, కోపం లేకుండానే. ఆ రాత్రి అన్నాల దగ్గర, కారు అమ్మేయమన్నాడు.

కొనడానికొచ్చిన ఆసామి కారు చుట్టూ తిరిగి, మొదట్లో జాగ్రత్తగానే తోలారా అని అడిగాడు. నిదానం తలూపి, తాళాలిచ్చి లోపలికొచ్చాడు. బావ కిటికీ పక్క మంచంలో ఉన్నాడు. ఆ ఆసామి వీధి మలుపు తిరిగి పెద్దరోడ్డెక్కాడో లేదో, పెడల్ అడుగంటా తొక్కేశాడు. ఇంజన్ గొంతెత్తింది. ఎక్కడా తడబాటు లేదు, గరగర లేదు. ఆ గొంతు ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ వినలేదు. వంటింట్లో అక్క గరిటె చప్పుడు ఆగిపోయింది.

మాట్లాడొద్దన్నట్టు బావ చెయ్యెత్తాడు. ఆ మోత పూర్తిగా దూరమయ్యేదాకా అలాగే విన్నాడు.

"ఎంత బాగా చేశావురా," అన్నాడు.

వెక్కిరింపు కాదు, మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. నిదానం మంచం పట్టె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు.