ఒట్టి తంబురా

నీలకంఠం సాయంత్రం ఇంటికి వచ్చాక అడిగేది రెండే. ఒకటి టీ, రెండు ముఖారి రాగం. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట సర్వే పని అతనిది. రోజంతా ఎర్రమట్టిలో తిరిగి, కిక్కిరిసిన బస్సులో వేలాడుతూ కంచరపాలెం చేరేసరికి ఒళ్ళు హూనమయ్యేది. స్నానం చేసి, గోడకు చేరగిలబడి, టేపురికార్డరు మీట నొక్కేవాడు. పాత పోస్టాఫీసు దగ్గర రేడియోలు బాగుచేసే కరీం బాషా అతని స్నేహితుడు. రేడియోలో వచ్చే కచేరీలు పట్టి క్యాసెట్లు చేసి ఇచ్చేవాడు. ముఖారి, శుభపంతువరాళి, ఇంకేదైనా దుఃఖపు రాగం. సంతోషంగా ఉండేవి నీలకంఠానికి పొద్దున పూటే బాగుండేవి.

అతని భార్య తాయారు ట్రంకు టెలిఫోను ఆపరేటరు. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఎవరెవరి కేకలో వినడం ఆమె ఉద్యోగం. చావుకబుర్లు, లారీ బేరాలు, లైను కలవలేదన్న తిట్లు. ఇంటికి వచ్చాక ఆమెకు కావలసింది ఎవరూ మాట్లాడకపోవడం.

"ఏటండీ రోజూ ఈ ఏడుపు?" అంది ఒకరోజు, చెప్పులైనా విప్పకుండా. "అక్కడ ఊరందరి ఏడుపూ ఇని వత్తన్నాను. ఇంట్లో కూడానా?"

"ఏడుపు కాదే. అలిసిపోయినోడికి ఇది కాళ్ళు పట్టినట్టుంటాది."

"మీకు ఒళ్ళు అలిసిపోతాది. నాకు సెవులు అలిసిపోతన్నాయి."

నీలకంఠం టేపు కట్టేశాడు. అప్పట్నుంచి ఆమె రాకముందే వినడం ముగించేవాడు. ఆమె ఆలస్యంగా వచ్చే రోజులు అతనికి మంచి రోజులు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసి, బస్టాపులో కాసేపు ఊరికే నిలబడి వచ్చేది.

ఆ అక్టోబరులో వాయుగుండం పట్టింది. భీమిలి వైపు స్తంభాలు ఒరిగాయి. ఉన్న నాలుగు లైన్ల మీదే అందరి ఆత్రమూ పడింది. మధ్యాహ్నం తాయారు ఎవరికో శ్రీకాకుళం లైను కలుపుతుండగా ఎక్కడో తీగ మీద పిడుగు పడింది. ఆ చప్పుడు తీగ వెంట వచ్చి ఆమె ఎడమ చెవిలో పేలింది. హెడ్‌సెట్ లాగి పడేసి బల్ల మీద తల వాల్చేసింది. పక్కనున్నవాళ్ళు పిలుస్తుంటే వాళ్ళ నోళ్ళు కదలడం కనిపించింది గానీ మాట వినిపించలేదు.

కుడి చెవి సాయంత్రానికి తేరుకుంది. ఎడమ చెవి మాత్రం సగమే మిగిలింది. దానికి తోడు లోపల గుయ్యిమని ఒక మోత మొదలైంది.

"తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు" అన్నాడు చెవి డాక్టరు. "నిశ్శబ్దంగా ఉన్నచోట ఎక్కువగా తెలుస్తుంది."

తాయారు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్న నిశ్శబ్దం ఇప్పుడు దొరికింది. కానీ ఇంట్లో చప్పుడు తగ్గేకొద్దీ చెవిలో మోత పెరిగేది. నిద్ర పట్టేది కాదు. అన్నం వండుతూ వండుతూ పొయ్యి ముందే కూలబడి కళ్ళు మూసుకునేది. నీలకంఠం టేపురికార్డరును బట్ట కప్పి బీరువా మీద పెట్టేశాడు.

ఒక సాయంత్రం ఆమే అంది. "దాన్ని దించండి. ఏదో ఒకటి పెట్టండి. ఈ మోతతో వేగలేకపోతన్నాను."

అతను భయపడుతూనే పెట్టాడు. టేపులో ముందు తంబురా మోగింది. తాయారు కనుబొమల మధ్య ముడి విడిపోవడం అతను చూశాడు. గాయకుడు గొంతు ఎత్తగానే ముడి మళ్ళీ పడింది.

"మొదట వచ్చింది పెట్టండి."

వెనక్కి తిప్పి పెట్టాడు. మళ్ళీ ముడి విడిపోయింది.

"అందులో కలిసిపోతందండీ" అంది తాయారు. "నా సెవిలో మోత దాంట్లోకి ఎళ్ళిపోతంది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తంబురా నాలుగు మీట్లకే అయిపోయేది. అతను వెనక్కి తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పి తిప్పి టేపు నలిగి తెగిపోయింది.

మర్నాడు కరీం బాషా షాపుకు వెళ్ళాడు.

"ఒట్టి తంబురా క్యాసెట్టా బావా? ఎవడు అమ్ముతాడు?" అన్నాడు కరీం బాషా. కాసేపు ఆలోచించి, "అమ్మేవోడు లేకపోతే మనమే టేపు మీద పట్టేద్దాం. మైకు నా దగ్గరుంది. తంబురా ఎక్కడుంది?" అని అడిగాడు.

తంబురా పక్కవీధిలో సంగీతం చెప్పే పాపాయమ్మ దగ్గర ఉంది. అరవై దాటిన మనిషి. విషయం విని, "పాట లేకుండానా నాయనా? ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు" అంది. అని, తలుపులన్నీ మూయించి, గడియారాన్ని పెరట్లో పెట్టించి కూర్చుంది. టేపు ఆ చివర దాకా మీటింది. అయ్యాక వేళ్ళు నీళ్ళలో ముంచుకుంది.

ఆ క్యాసెట్టు ఆ ఇంట్లో సాయంత్రాలు మోగింది. పాట లేదు, రాగం లేదు. మట్టి కొట్టుకున్న కాళ్ళతో నీలకంఠం ఆమె పక్కన కూర్చునేవాడు.

"మీకు ఇసుగు రాదా?" అని ఒకరోజు అడిగింది.

"వత్తాది" అన్నాడతను నిజాయితీగా.

"మరి ఆ ఏడుపు రాగాలే ఎందుకు మీకు?"

"ఫ్యాక్టరీకని ఖాళీ చేయించిన ఊళ్ళలో కొలతలు తీత్తాం కదా. ఇల్లు పోయినోళ్ళు అక్కడే నిలబడి మమ్మల్నే సూత్తారు. ఏటనలేం. ఇంటికొచ్చి నాను ఏడవలేను. ఆ రాగం నా బదులు ఏడుత్తాది."

తాయారు అతని కాలి మీద ఎండిన మట్టిని గోటితో గీకుతూ ఉండిపోయింది.

సెలవు అయిపోయాక ఆమెను ఫిర్యాదుల కౌంటరులో వేశారు. మోత పోలేదు. మోతతో బతకడం అలవాటు కావడానికి ఏడాది పట్టింది. ఆలోగా పాపాయమ్మకు వేళ్ళు వంగడం మానేశాయి.

"నువ్వొచ్చి మీటమ్మా. పిల్లలకు శ్రుతి కావాలి" అని కబురు పంపింది.

తాయారుకు సంగీతం రాదు. అయినా ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టింది. తంబురా దండిని ఎడమ చెవికి ఆనించుకుని, పిల్లలు సరళీ స్వరాలు తప్పుతూ పాడుతుంటే తీగలు మీటేది. నీలకంఠం ఆమె కోసం వచ్చి, వీధరుగు మీద కూర్చుని, స్తంభానికి ఆనుకుని నిద్రపోయేవాడు. పాఠం అయ్యాక ఆమె బయటికి వచ్చి అతన్ని వెంటనే లేపేది కాదు. చెప్పులు వేసుకుని, అతని పక్కనే కాసేపు కూర్చునేది.